ఎమొసి మూడో ఉపన్యాసం

ఎదుటివాడి మొహం చిన్నబోతే చూసి తట్టుకోవడం ఎమొసి నైవలుకి చేతకాదు. చక్కెర మిల్లు చెరకు రైలు నడిపినన్నాళ్ళూ పట్టాల పక్కన ఎవరు చెయ్యెత్తినా బండి నెమ్మది చేసేవాడు. మిల్లు దొరలు కేకలేస్తే తప్పేనండీ అనేవాడు, మర్నాడు మళ్ళీ నెమ్మది చేసేవాడు. అందుకే ఫిజీ దీవుల్లోని తవూవా పట్నం చుట్టుపక్కల ఫిజీవాళ్ళ ఊళ్ళలో గానీ, భారతీయుల చెరకు తోటల్లో గానీ అతన్ని ఎరగని ఇల్లు లేదు. ఫిజీ మాట అతనికి తల్లి నేర్పితే, హిందీ మాట తోటల్లోని ఆటల తోడుగాళ్ళు నేర్పారు.

ఆ ఎన్నికల్లో ఆ ప్రాంతానికి రెండు జాతులూ కలిసి ఓటేసే సీటొకటి వచ్చింది. అంతకుముందు ఎవరి సీటు వాళ్ళదే. అభ్యర్థులు ఎవరి జాతిని వాళ్ళు పొగుడుకుని, రెండో జాతిని నాలుగు మాటలని, హాయిగా ఇంటికి పోయేవారు. ఇప్పుడలా కుదరదు. పార్టీవాళ్ళు వెతికి వెతికి ఎమొసిని పట్టుకున్నారు. వాళ్ళు అడిగినప్పుడు కాదనలేక అతను ఒప్పుకున్నాడు.

మొదటి సభ నాసారి తోటల్లో, బడి వసారాలో జరిగింది. ముందు వరసలో ఫూల్‌మతి కూర్చుంది. అరవై దాటిన మనిషి, చిన్నప్పుడు ఎమొసికి రొట్టె చేతిలో పెట్టి పంపిన చెయ్యి. ఆమె కుటుంబం సాగు చేసే చెరకు నేల కౌలు ఆ ఏడాది చివరికి తీరిపోతుంది. ఆ వసారాలో సగం మందిది అదే పరిస్థితి. ఆ మొహాలు చూసేసరికి ఎమొసికి నోరు ఆగలేదు. "మీరు పుట్టింది ఇక్కడే, మీ చెమట ఇంకింది ఇక్కడే. మీ కౌళ్ళు తిరగరాయించే పూచీ నాది!" అన్నాడు హిందీలో. చప్పట్లు మోగాయి. బీన్సు కూరతో రొట్టెలు పెట్టారు.

మర్నాడు కొరోవుటు ఊళ్ళో రెండో సభ. చాపల మీద అందరూ చుట్టూ కూర్చున్నారు, యంగోనా వేరు నూరి కలిపిన పానీయం చిప్ప చేతులు మారుతోంది. ముందు ఉనైసి కూర్చుంది. ఎమొసికి మేనమామ కూతురు, వరసకు మరదలు. నాసారి చెరకు నేల వాళ్ళ వంశానిదే. "తాతలనాటి భూమి ఎప్పుడు చేతికొస్తుంది బావా? మా పిల్లలకి చేమదుంప పాతుకోవడానికైనా చోటు లేదు," అందామె. చుట్టూ పెద్దవాళ్ళు తలలూపారు. ఆ మొహాలు చూసేసరికి ఎమొసికి మళ్ళీ నోరు ఆగలేదు. "కౌలు తీరిన నేల పిడికెడు కూడా బయటికి పోదు. తిరిగి మన చేతికి తెచ్చే పూచీ నాది!" అన్నాడు ఫిజీ మాటలో. చప్పట్లు మోగాయి. కొబ్బరిపాలలో ఉడికించిన చేప పెట్టారు.

ఇంటికొచ్చి తృప్తిగా నిద్రపోయాడు. రెండు చోట్లా అందరూ నవ్వు మొహాలతో లేచారు మరి.

అతనికి తట్టనిది ఒక్కటే. శనివారం తవూవా సంతలో ఫూల్‌మతి వంకాయలూ ఉనైసి పీతలూ ఒకే బల్ల మీద అమ్ముకుంటారు. ఎన్నో ఏళ్ళుగా అంతే. ఒకరు టీకి వెళితే రెండోవాళ్ళు రెండు బేరాలూ చూస్తారు.

ఆ శనివారం ఫూల్‌మతి మహా హుషారుగా ఉంది. "ఇంక నాకు దిగుల్లేదే ఉనైసీ! కౌలు తిరగరాయిస్తానని మీ ఎమొసి అందరి ముందూ మాటిచ్చాడు."

ఉనైసి పీతకి తాడు చుట్టడం ఆపింది. "ఏ కౌలు? మా నేల మాకు తెస్తానని మా చాప మీద కూర్చుని చెప్పాడే!"

"మీ నేలంటే ఏ నేల?"

"నువ్వు చెరకేసే నేలే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సరిగ్గా అప్పుడే ఎమొసి మెడలో పూలదండతో, కనిపించిన ప్రతి చేతినీ ఊపుతూ సంతలోకి వచ్చాడు. ఆ బల్ల దగ్గర పక్కపక్కన నిలబడ్డ ఇద్దర్నీ చూసి వెనక్కి తిరగబోయాడు.

"ఏం బావా, అటెక్కడికి?" ఉనైసి గొంతు సంతంతా వినబడింది. బావని మరదలు ఆటపట్టిస్తే అక్కడ అడ్డుకునేవాళ్ళుండరు, చుట్టూ చేరి వింటారు. "రైలు నడిపి నడిపి నీ నాలుక కూడా రెండు పట్టాలైపోయిందా?"

"అది కాదు ఉనైసీ..."

"ఒరే, నా రొట్టెలు తిన్న నోరేనా ఇది?" అంది ఫూల్‌మతి.

"మౌసీ, నే చెప్పేది విను. రెండు మాటలూ ఒక రకంగా చూస్తే..."

"ఏ రకంగా చూడాలో బుధవారం చెబుదువుగాని," అంది ఉనైసి. "ఇక్కడే, ఈ సంత కప్పు కిందే. నాసారీ వస్తుంది, కొరోవుటూ వస్తుంది. ఒక్కో ముక్కా రెండు భాషల్లోనూ చెప్పాలి. చేపలమ్మే చోట నిలబెడతాం, కంపు కొడితే చేపలదో నీదో తేలిపోతుంది."

ఎమొసి భయపడి రాజధాని సువాలోని పార్టీ ఆఫీసుకి ఫోన్ చేశాడు. కార్యదర్శి లోధియా ఏమాత్రం కంగారుపడలేదు. "జాతుల గురించి మాట్లాడాలా? భేషుగ్గా మాట్లాడు. భూమి ఊసెత్తకు, అంతే," అని ఉపన్యాసం రాసి పంపాడు. చాలా అందమైన ఉపన్యాసం. అందులో ఇంద్రధనుస్సు ఉంది, ఒకే తోటలో రంగురంగుల పూలున్నాయి, ఒకే పడవ ఉంది.

బుధవారం సాయంత్రం సంత కిటకిటలాడింది. ఎడమవైపు నాసారి, కుడివైపు కొరోవుటు. ఎమొసి చేపల బల్ల ముందు నిలబడి కాగితం విప్పాడు. "సోదరులారా, మనమంతా ఒకే పడవలో ప్రయాణం చేస్తున్నాం," అని హిందీలో చదివాడు.

"తెడ్డు ఎవరి చేతిలో ఉంది నాయనా?" అని ఫూల్‌మతి అడిగింది.

అతను దాన్ని ఫిజీ మాటలోకి మార్చేలోపే కుడివైపు నుంచి ఉనైసి అందుకుంది. "పడవ ఎవరిది? ముందది చెప్పమను!"

కుడివైపు గొల్లుమంది. ఎడమవైపు కూడా గొల్లుమంది. ఎమొసి అటూ ఇటూ చూశాడు. ఫూల్‌మతి అడిగింది హిందీలో, ఉనైసి అందుకున్నది ఫిజీ మాటలో. ఎవరూ ఎవరికీ అర్థం చెప్పలేదు. ఒకే బల్ల మీద సరుకు అమ్ముకునేవాళ్ళు, ఒకే బస్సులో పడి వచ్చేవాళ్ళు. వాళ్ళకి రెండో మాట రాకేం? ఇక్కడున్నది మొదటినుంచీ ఒక్క గుంపే. రెండనుకున్నది తనొక్కడే. చెవులు కాలిపోయినట్టనిపించి కాగితం మడిచి జేబులో పెట్టేశాడు.

"సరే," అన్నాడు. "ఇద్దరికీ అబద్ధం చెప్పాను."

వెనక నిలబడ్డవాళ్ళు బల్లలెక్కి తొంగిచూశారు.

"కౌలు తిరగరాయించడం నా చేతిలో లేదు మౌసీ. నేల తిరిగి ఇప్పించడమూ నా చేతిలో లేదు ఉనైసీ. మీ మొహాలు చూసి నోటికొచ్చింది అనేశాను." ఒకసారి హిందీలో, ఒకసారి ఫిజీ మాటలో, ఆ తర్వాత ఏది ఏదో చూసుకోకుండా కలగాపులగంగా మాట్లాడసాగాడు. "నేను ఫిజీవాణ్ణి. దాచుకునేదేముంది? పోయినేడు మా బాబాయి నేల కౌలు తీరి చేతికొస్తే పండగ చేసుకున్నాం. నేనే ముందు గంతులేశాను. వారం తిరక్కముందే ఆ నేల మీదున్న హర్‌దయాళ్ తన ఇంటి రేకులు ఒక్కోటీ విప్పి లారీలో వేసుకుంటూ నా ఇంజను చూసి చెయ్యూపాడు. ఎప్పుడూ ఎక్కించుకునేవాణ్ణి. ఆరోజు మొహం చూపించలేక బండి ఆపకుండా పోయాను. ఆ గంతులేసిందీ నేనే, మొహం చాటేసిందీ నేనే. మా వాళ్ళకి భయం, నేల పోతే మేమేం మిగులుతామని. మీ వాళ్ళకి భయం, నేల పోతే ఎక్కడికి పోతామని. ఈ భయాన్ని పట్టుకునే మాబోటి వాళ్ళం ఓట్లు దండుకుంటాం. ఎవరి దగ్గర కూర్చుంటే వాళ్ళ భయానికి ఇంకాస్త నూనె పోస్తాం."

"మేం నిన్ను నమ్మాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం బావా," అంది ఉనైసి. గొంతులో వెటకారం తగ్గింది. "అసలు నువ్వు మమ్మల్ని నమ్మావా? నిజం చెబితే కొరుక్కు తింటామనుకున్నావా?"

"నమ్మలేదు," అన్నాడు. "నిజం చెబితే రొట్టె పెట్టరనుకున్నాను, చేపా పెట్టరనుకున్నాను."

వెనక నుంచి ఎవరో కుర్రాడు అరిచాడు. "కౌలూ ఇప్పించలేక, నేలా ఇప్పించలేక, నీకెందుకు వెయ్యాలి ఓటు?"

"శనివారం నుంచీ నేనూ అదే ఆలోచిస్తున్నాను," అన్నాడు ఎమొసి దీనంగా.

ఈసారి నవ్వు సంత కప్పు రేకుల్ని ఊపేసింది. నవ్వు అణిగాక అతను అన్నాడు. "ఒక్కటి మాత్రం చెయ్యగలను. నేల ఇచ్చినవాణ్ణీ దున్నేవాణ్ణీ ఒక చాప మీద కూర్చోబెడతాను. అక్కడన్న మాటే ఇక్కడా అంటాను. అంతకంటే ఏం చెప్పినా మళ్ళీ అబద్ధమే."

చప్పట్లు కొట్టలేదు ఎవరూ. రొట్టె పెట్టలేదు, చేపా పెట్టలేదు. జనం గుంపులుగా, గట్టిగా వాదించుకుంటూ వెళ్ళిపోయారు. ఎడమవైపు వాళ్ళూ కుడివైపు వాళ్ళూ కలగలిసిపోయి ఎవరు ఎవరితో పోట్లాడుతున్నారో తెలియలేదు. లోధియా ఫోన్ చేసి నువ్వు మమ్మల్ని ముంచావన్నాడు.

ఎమొసి ఓడిపోయాడు. నాసారిలోనూ కొరోవుటులోనూ అతనికే ఎక్కువ ఓట్లు పడ్డాయి గానీ, మిగతా ఊళ్ళలో ఆ సభ సంగతి పూర్తిగా చేరక, అన్నీ ఇస్తానన్నవాడే గెలిచాడు. ఎమొసి రెండు రోజులు ఇల్లు కదల్లేదు. మూడోనాడు ఉనైసి వచ్చి తలుపు బాదింది.

"లే బావా. ఓడినా మాటన్నది మాటే. ఫూల్‌మతి కొడుకుల్ని వెంటేసుకుని మా చాప మీదికొచ్చి కూర్చుంది. మావాళ్ళు అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు."

ఆ మాటలు వారాల తరబడి సాగాయి. మధ్యలో ఒకసారి ఫూల్‌మతి కోపమొచ్చి లేచిపోయింది, ఇంకోసారి ఉనైసి అన్న లేచిపోయాడు. ఇద్దర్నీ ఎమొసే బతిమాలి వెనక్కి తెచ్చాడు. చివరికి ఏటి వైపు సగం నేల ఉనైసి వాళ్ళకి వెళ్ళింది. ఇల్లూ, ఇంటి చుట్టూ ఉన్న మిగతా సగం కొత్త కౌలుకి ఫూల్‌మతికి ఉండిపోయింది. ఇద్దరికీ పూర్తి తృప్తి లేదు. తనవైపు మట్టి మంచిది కాదని ఫూల్‌మతి ఇప్పటికీ గొణుగుతుంది. తన వైపు ఏరు ముంచుతుందని ఉనైసి గొణుగుతుంది.

కిందటి శనివారం ఎమొసి సంతకి వెళితే ఇద్దరూ కలిసి అతనికి ఓ మెత్తబడ్డ వంకాయా, ఓ కాలు విరిగిన పీతా అంటగట్టి పూర్తి ధర తీసుకున్నారు.