కొవ్వు గీకిన చేతులు

రోకలి రెండో దెబ్బకే దూడ ముందుకాళ్లు మడిచి కూలిపోయింది. మూడోది ఎందుకు కొట్టాడో మా తమ్ముడు బైలప్పకే తెలియాలి.

పలుపు తెంపుకుని తల్లి దగ్గర పాలన్నీ తాగేసిందట, అదీ దాని నేరం. ఇంట్లో బైలప్ప కొడుకు, నెలన్నర పసిగుడ్డు, ఆకలికి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. బాలింత జ్వరంతో వాడి తల్లి కెంచమ్మ పోయినప్పటి నుంచి వాడికి ఆ ఆవు పాలే దిక్కు. ఎనభై అయిదు కరువులో మా ఊరు నిడుగల్లంతా గాలించినా ఇంకో పాడి లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. అదే రోకలి లాక్కుని వాడి వీపున ఒక్కటిచ్చాను.

"దూడ లేకుంటే ఆవు చేపుతుందా, పొదుగులోకి పాలు దిగుతాయా? నీ కొడుకును నువ్వే సంపుకుంటివి కదరా!"

తోళ్లు పదును చేసే మారన్నను పిలిపించాను. దూడ తోలులో పొట్టు కూరి నిలబెడితే కొన్ని ఆవులు నమ్మి పాలిస్తాయి. మారన్న దూడ పగిలిన తలను చూసి, కత్తి బైలప్ప చేతిలో పెట్టాడు.

"సంపిందీ నువ్వే, ఒలిచేదీ నువ్వేప్పా. యాడ కోయల్లో నేను చెప్తా."

కడుపు మీద గీటు పెట్టించి, తోలుకూ మాంసానికీ నడుమ పిడికిలి దూర్చమన్నాడు. బైలప్ప రెండుసార్లు కక్కుకున్నాడు. కొట్టంలో ఆవు అరుస్తూనే ఉంది.

"లోపలి కొవ్వు గీకి ఉప్పు, బూడిద రుద్దు. బొచ్చు మాత్రం తడపొద్దు. వాసన పోతే తల్లి నమ్మదు" అని చెప్పి మారన్న వెళ్లాడు.

నేను బిడ్డకు గంజితేట పట్టి వచ్చేసరికి మా వాడు బొచ్చును సీకాయతో కడిగేశాడు.

"ఆ నెత్తురు నన్నే చూస్తా ఉండాదక్కా" అన్నాడు.

చెప్పు తీసి కొట్టాను. కొట్టి ఏం లాభం? చీకటి పడేదాకా వాడు కొవ్వు గీకాడు. శనక్కాయ పొట్టు కూరి నేనే కుట్టాను.

తెల్లారి ఆ బొమ్మను ఆవు ముందు పెట్టాం. ఆవు వాసన చూసి, కొమ్ముతో ఎత్తి విసిరింది. కుట్లు తెగి పొట్టు కొట్టమంతా చిమ్మింది. నా మోకాలి మీద గిట్ట పడింది, చెంబు ఎగిరిపోయింది. బొమ్మను లాగబోయి బైలప్ప సరిగ్గా ఆవు ముందే పడ్డాడు. ఆవు కొమ్ములు వంచింది. వీణ్ణీ పొడిచేస్తుందని కేక పెట్టాను.

పొడవలేదు. వాడి చేతుల వాసన చూసింది. గోళ్లలో ఇంకా దూడ కొవ్వు, నెత్తురు ఉన్నాయి. అరచేతులు నాకడం మొదలుపెట్టింది, దూడను నాకినట్టే. ఆవు చేపింది, పొదుగు నిండింది. కుంటుతూ వెళ్లి చెంబు తెచ్చుకుని కూర్చున్నాను.

"నా వల్ల కాదక్కా. ఈ చేతులు నరికెయ్" అని బావురుమన్నాడు.

చెంబు సగం కూడా నిండలేదు. లోపల బిడ్డ ఏడుపు.

"కదలొద్దురా. ఆ చేతులు రేపు గూడా కావల్ల. కడుక్కుంటివంటే సంపేస్తా" అన్నాను.