హాజరులో పలకని పేరు

అమరచింతలో ఒక పెళ్లి ఊరేగింపులో చీర కట్టి ఆడినందుకు లాల్‌బీని పట్టుకుపోయి జైల్లో వేశారు. హిజ్రాలు ఆడబట్టల్లో వీధిలో కనబడకూడదని అప్పటి సర్కారు కానూను. చీర గుంజుకుని చెడ్డీ, అంగీ ఇచ్చారు. జుట్టు నున్నగా గీశారు. మగవాళ్ల బారకులో పడేస్తే అక్కడ ఆమెను ఎవరూ కన్ను మూయనివ్వలేదు. చివరికి జమేదారు షరీఫ్ ఆ గొడవకు విసిగిపోయి, పగటిపూటన్నా ఆడ ఖైదీల దగ్గర జొన్నలు విసరమని పంపాడు.

పొద్దున్నే హాజరు వేసేటప్పుడు షరీఫ్ "లాల్ అహ్మద్" అని పిలిచేవాడు. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు. ఇల్లు వదిలిననాడే ఆమె ఆ పేరునూ వదిలేసింది. అందుకని పలికేది కాదు. పలకనందుకు గంజి పోయకుండా ఎండలో నిలబెట్టేవారు.

ఒకనాడు ఆమెకు నిలబడే ఓపిక లేకపోయింది. షరీఫ్ పిలవగానే "హాజిర్" అంది. అతను తలెత్తి కూడా చూడలేదు.

గంజి తాగి వచ్చి విసుర్రాయి ముందు కూలబడింది. ఎదురుగా జమ్ములమ్మ ఉంది. మొగుణ్ని కొట్టిన దొర గుమాస్తా చెయ్యి విరగ్గొట్టి జైలుకు వచ్చిన మనిషి.

"ఇయ్యాల పలికినవంట," అంది జమ్ములమ్మ.

"కాళ్లు గుంజుతున్నయక్కా. ఇగ నాతోని కాలే."

"పలుకు. పలికి కడుపుకింత తాగు. నీదేం పోయింది?" జమ్ములమ్మ రాయిలో గుప్పెడు జొన్నలు పోసింది. "జర ఇటు జరుగు లాల్‌బీ, మీద ఎండ పడ్తున్నది."

లాల్‌బీ జరిగింది. ఏడుద్దామన్నా ఏడుపు రాలేదు. రేపూ పలకాలి, ఎల్లుండీ పలకాలి అనుకుంటూ, జమ్ములమ్మ చేతి పక్కనే పిడి పట్టుకుని విసరసాగింది.