గాలి చొరని గది

ఫల్గుణకి ఆన్‌లైన్ పిచ్చి అని రాళ్ళగొందిలో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. గ్రామ సచివాలయంలో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం అతనిది. ఊరివాళ్ళకి పింఛను పనీ ఆధార్ పనీ చేసిపెట్టి, కాస్త ఖాళీ దొరికితే చాలు, ఫోనులో దుకాణాల మీద పడేవాడు. రంగులు మార్చే బల్బు తెప్పించాడు. చప్పట్లు కొడితే తిరిగే ఫ్యాను తెప్పించాడు. చివరికి చపాతీలు చేసే మిషను కూడా. పొద్దున్నే చోడి అంబలి తాగే ఆ ఇంట్లో చపాతీలు ఎవరు తింటారయ్యా అంటే మళ్ళీ ఫోనులో తలదూర్చాడు. వాళ్ళమ్మ సోములమ్మ దాని మీద ఎండుమిరపకాయలు ఆరబోసుకుంది.

అప్పట్లో నవ్వుకోవడానికి బాగానే ఉండేది.

అతని భార్య సోనికి పాప పుట్టింది మంచి చలికాలంలో. చింతపల్లి కొండల మీద చలి ఎలా ఉంటుందో చెప్పాలా! తెల్లారి బిందెలో నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. తల్లీబిడ్డలకి వెచ్చగా ఉండాలని పాత పెంకుటింటి పక్కన వేసుకున్న స్లాబు గదిని ఫల్గుణ ముందే సిద్ధం చేసి పెట్టాడు. కిటికీల అంచులకి రబ్బరు పట్టీలు అంటించాడు. తలుపు కింద బ్రష్షు బిగించాడు. పైన గాలికి వదిలిన కంత మీద థర్మోకోల్ ముక్క పెట్టి టేపు చుట్టాడు. అన్నీ ఫోనులో తెప్పించినవే, వీడియోలు చూసి తన చేతులతో బిగించినవే. నడిమధ్య కరెంటు హీటరు. గోడకి ఒక చిన్న తెల్ల డబ్బా. ఎక్కడున్నా సరే, గది చల్లబడితే అతని ఫోనులో నీలం ముఖం వణుకుతుంది, వెచ్చబడితే ఆకుపచ్చ ముఖం నవ్వుతుంది. దాన్ని చూసుకుని అతని మురిపెం అంతా ఇంతా కాదు.

సోములమ్మకి మాత్రం ఆ గది మింగుడు పడలేదు. ఆ ఊళ్ళో బాలింత మంచం కింద కుంపటి ఆరనివ్వరు. ఫల్గుణ పుట్టినప్పుడూ అంతే. కాకపోతే పాతింట్లో మట్టిగోడకీ పెంకులకీ మధ్య చెయ్యి దూరేంత సందు ఉంటుంది. పొగైనా వేడైనా అందులోంచి పోతూనే ఉంటుంది. ఆ సందు గురించి ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించాల్సిన పని పడలేదు.

"నిప్పు నేకుండా బాలింత గదేట్రా?" అంది ఆవిడ.

"పొగొద్దమ్మా," అని ఒంటికాలి మీద లేచాడు ఫల్గుణ. "ఆ పొగ పీల్చే కదా నువ్విలా దగ్గుతున్నావు! పాప దగ్గరికి ఇంత పొగ కూడా రాకూడదు. ఇంకోటి, ఈ తలుపు ఎప్పుడూ మూసే ఉండాలి. చలి ఒక్క పిసరు లోపలికొచ్చినా నేనూరుకోను."

చదువుకున్న కొడుకు. కంప్యూటర్ తెలిసినవాడు. ఆవిడ తల ఊపింది.

హీటరు పట్టుమని వారం పని చెయ్యలేదు. కొండల మీద కరెంటు సంగతి తెలిసిందే కదా, ఒకసారి దీపంలా మిణుకుతుంది, ఒకసారి బల్బులు పేలేంత వస్తుంది. టప్‌మని ఒక చప్పుడు, కాలిన వాసన, అంతే. ఫల్గుణ కంపెనీ వాళ్ళతో ఫోనులో రాతకోతలు మొదలుపెట్టాడు. అటు మనిషి లేడు, మిషను. 'మీ సమస్య మాకు చాలా ముఖ్యం' అంటుంది. ఫొటో పంపమంటుంది. పంపితే మళ్ళీ 'మీ సమస్య ఏమిటి' అని మొదటికొస్తుంది. తిట్టి, బతిమాలి, మళ్ళీ తిట్టి ఎలాగో ఒప్పించాడు. కొత్త హీటరు వచ్చింది గానీ కొండెక్కి రాలేదు. చింతపల్లిలో కొరియర్ ఆఫీసుకొచ్చి తీసుకోమన్నారు.

పొద్దున్నే బయల్దేరుతుంటే సోని పాపని రొమ్ముకి హత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. "బావా, గుంట సేతులు సల్లగున్నాయి. బేగి వచ్చెయ్."

"మధ్యాహ్నానికల్లా ఇక్కడుంటాను. తలుపేసుకో," అన్నాడు.

చింతపల్లి చేరేసరికి కొరియర్ ఆఫీసు ఇంకా తెరవలేదు. ఫోను తీసి చూశాడు. నీలం ముఖం వణుకుతోంది. ఆఫీసు తెరిచారు. ఓటీపీ చెప్పమన్నారు. ఓటీపీ రాదు. వచ్చేసరికి దాని గడువు అయిపోయింది. మళ్ళీ పంపమని మళ్ళీ నిలబడ్డాడు. ఆ గొడవలో ఉండగా జేబులో ఫోను కుయ్‌మంది. తీసి చూస్తే, ఆకుపచ్చ ముఖం! నవ్వుతోంది.

హమ్మయ్య అనుకున్నాడు. గదికి ఎండ తగిలి ఉంటుంది, నా రబ్బరు పట్టీలు ఆ వేడిని పట్టి ఉంచాయి, చూశావా మరి! హీటరు పెట్టె చంకన పెట్టుకుని, ఇక తొందరేముందని హోటల్లో ఇడ్లీ తిన్నాడు. రెండో టీ కూడా తాగాడు. జీపు డ్రైవరు సువార్తరావు మనుషులు నిండితే గానీ కదలనంటే, సరేలే అని వెనకసీట్లో కూర్చుని, పక్కనున్న ముసలాయనకి ఫోను చూపించాడు. "మా గది తాతా. ఇక్కడ కూచుని చూడొచ్చు. ఎంత వెచ్చగా ఉందో!"

జీపు ఘాట్ ఎక్కింది. రెండు మలుపులు తిరిగేసరికి మంచు కమ్మేసింది. కాఫీ తోటలు లేవు, లోయ లేదు, ఎదురుగా రోడ్డు లేదు. సువార్తరావు లైట్లు వేసి, "ఇయాళ ఎండ మొకం సూపించీలా నేదు బాబూ," అన్నాడు.

ఎండ లేదు.

ఫల్గుణ ఒళ్ళోకి చూసుకున్నాడు. హీటరు ఇక్కడ ఉంది. టేపు కూడా విప్పలేదు. మరి అక్కడ గదిని వేడెక్కిస్తున్నది ఏమిటి?

పోయిన ఏడాది ఎక్కడో ఊళ్ళో మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్న ఒక కుటుంబం మళ్ళీ లేవలేదని వార్త వచ్చింది. దాన్ని వాట్సాప్‌లో అందరికీ పంపింది అతనే. దండం పెట్టే బొమ్మ కూడా జోడించి పంపాడు. సోములమ్మకి ఫోనూ లేదు, చదువూ లేదు. పక్కన కూర్చుని అమ్మా ఇలాగట అని ఒక్క ముక్క చెప్పలేదు. ఊరందరికీ చెప్పినవాడు కన్నతల్లికి చెప్పలేదు, ఏం మనిషి!

సోనికి ఫోను చేశాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. మళ్ళీ.

"బేగి పోనీ సువార్తరావన్నా, నీకు దండం పెడతాను, బేగి పోనీ!"

"ఈ మంచులోనా? ఏటైనాదేటి?"

ఫల్గుణ ముందు సీటు పట్టుకుని రోడ్డుకేసి వంగాడు. చేతిలో ఆకుపచ్చ ముఖం నవ్వుతూనే ఉంది.

ఊళ్ళో జీపు ఆగక ముందే దూకాడు. సోములమ్మ పాతింటి అరుగు మీద కూర్చుని చేటలో చోళ్ళు చెరుగుతోంది. కొడుకు పరిగెత్తి రావడం చూసి నోటి మీద వేలు పెట్టింది.

"అరవకు. తల్లీ పిల్లా ఆయిగా నిద్రోతన్నారు."

తలుపు రబ్బరుకి అతుక్కుని ఒక పట్టాన రాలేదు. భుజంతో కుమ్మితే తెరుచుకుంది. వేడి ముఖానికి కొట్టింది. పొగ లేదు, వాసన కూడా లేదు. మంచం కింద కుంపటిలో బొగ్గులు ఎర్రగా, అందంగా ఉన్నాయి. సోని బుగ్గలు కూడా ఎర్రగా ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. పాప తల్లి చేతి మీద నోరు కొంచెం తెరిచి పడుకుని ఉంది.

తల్లీబిడ్డల్ని ఎక్కించుకుని సువార్తరావు ఆ మంచులోనే జీపుని చింతపల్లికి వెనక్కి తోలాడు. దారిలో సోని మూలిగింది. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టాక సాయంత్రానికి కళ్ళు తెరిచి, పాప ఏదని అడిగింది. పాప లేదు. జీపు ఎక్కేటప్పటికే లేదని డాక్టరు ఫల్గుణని పక్కకి పిలిచి చెప్పాడు. బొగ్గు గాలి అన్నాడు. దానికి రంగూ వాసనా ఉండవు, గదిలో చెయ్యి దూరేంత సందున్నా బతికేదేమో అన్నాడు.

అమ్మకి ఆ మాట చెప్పలేకపోయాడు. వరండాలో గోడకి ఆనుకుని కూర్చున్న ఆవిడ "సలికే పోనాదా గుంట?" అని అడిగితే, ఊఁ అన్నాడు. ఇంకేమనగలడు? పాపని కొండవారకి తీసుకెళ్ళి మట్టి చేసినప్పుడూ ఆ మాటే అన్నారు అందరూ. చలి. పాడు చలి.

సోనిని ఇంటికి తెచ్చిన రోజు కూడా మంచు విడవలేదు. స్లాబు గదిలోనే పడుకోబెట్టారు. ఫల్గుణ మందులు తీసుకుని లోపలికి వచ్చేసరికి సోములమ్మ గుమ్మం దగ్గర కుంపటి విసురుతోంది. ఈసారి నిండా పోసింది. ఒక్కో బొగ్గూ పట్టుకారుతో ఎత్తి, పొగ వస్తుందేమోనని చూసి, వస్తున్నదాన్ని బయట పారేస్తోంది.

"ఆయాళ కూసిన్నే పెట్టీసేను," అంది కళ్ళు తుడుచుకుంటూ. "అందుకే గుంటకి సలి ఆగనేదు. కోడలికైనా నిండుగా పెడతాను. తలుపు బాగా ఏసీరా."

ఫల్గుణ మందులు కింద పెట్టాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి రబ్బరు పట్టీ కొస పట్టుకుని లాగాడు. సున్నంతో సహా ఊడి వచ్చింది. రెండోది లాగాడు. స్టూలెక్కి థర్మోకోల్ని గుద్దాడు, ముక్కలై రాలింది.

"ఏటి సేత్తన్నావురా! సలి వత్తాది!"

"రానీ అమ్మా." స్టూలు దిగాడు. "పాప పోయింది చలికి కాదు. కుంపటికి. మూసిన గదిలో బొగ్గులు పెడితే ఊపిరాడదు. నాకు తెలుసు. నీకు చెప్పలేదు."

సోములమ్మ పట్టుకారు కింద పెట్టింది. కుంపటి వైపు చూసింది, ఊడిన పట్టీల వైపు చూసింది.

"పొగొకటీ రానీనేదురా," అంది. "ఏరి ఏరి ఏసేను. తలుపు కూడా బిగించీసేను. నువ్వు సెప్పినట్టే సేసేను."

"అవునమ్మా. నేను చెప్పినట్టే చేసేవు."

కిటికీలోంచి మంచు గదిలోకి వచ్చింది. సోని గోడవైపు తిరిగి, దుప్పటి మెడదాకా లాక్కుంది. కిటికీ వెయ్యమని మాత్రం అనలేదు.