నలభై రెండో పేరు

ఉప్మాకు పోపు వేస్తుంటే మా ఆయన హరికిషన్ కాగితాల కట్ట గట్టు మీద పెట్టి, సంతకం చేయాల్సిన చోట వేలు ఆనించాడు. ఏ కాగితమైనా అంతే, వేలున్న మేరకే నాకు కనబడాలి.

"ఏందిది?" అన్నాను.

"అఫిడవిట్. మన కంపెనీని బేగంపేటోళ్లదాంట్ల కలుపుతున్నం గదా. షేర్‌హోల్డర్లందరు ఒప్పుకున్నమని రాసిస్తే, మీటింగ్ అక్కరలేదని ట్రిబ్యునల్ ఆర్డరిస్తది. అప్పులిచ్చినోళ్లు సుత రాసిచ్చిన్రు. నువ్వొక్కదానివే మిగిలినవ్. పదింటికల్లా వకీలుకియ్యాలె."

స్టవ్ ఆపి, చేతులు తుడుచుకుని చదవడం మొదలుపెట్టాను. అట్టపెట్టెలు చేసే ఈ కంపెనీ పెట్టినప్పుడు చట్టప్రకారం రెండో పేరు కావాలని మామగారు ఇరవై శాతం షేర్లు నా పేర రాయించారు. "పేరుకే బిడ్డా" అన్నారు. పదిహేడేళ్లుగా జీతాల పట్టిక, పీఎఫ్, లారీల బిల్లులు అన్నీ ఇంట్లో డైనింగ్ టేబుల్ మీదే చేశాను. "ఖాళీగనే ఉంటవ్ గదా" అనేది అత్తగారు శ్యామలమ్మ. ఏటా మీటింగు మినిట్స్ టైపు చేసేదీ నేనే. హాల్లో వాళ్లు మాట్లాడుకుంటుంటే వంటింట్లో మిర్చి బజ్జీలు వేసి, తర్వాత కూర్చుని, నేనూ మీటింగుకు హాజరైనట్టు నా చేత్తోనే కొట్టేదాన్ని. అది అబద్ధమని ఒక్కసారీ తోచలేదు.

అఫిడవిట్ వెనక విలీనం వివరాలున్నాయి. కొత్త కంపెనీ తీసుకునే ఉద్యోగులు నలభై ఒక్కరు. వాచ్‌మన్ తాతారావు పేరు కూడా ఉంది. నాది లేదు. కోపం కన్నా ముందు సిగ్గేసింది. అసలు ఉద్యోగం ఎప్పుడిచ్చారని ఉంటుంది?

"నా పని అక్కడెవరు చేస్తరు?"

"వాళ్లకు పెద్ద డిపార్ట్‌మెంటే ఉంది. నీకు తక్లీఫ్ తప్పుతది, జెర రెస్ట్ తీసుకో."

ప్రేమగానే అన్నాడు. అందుకే ఎక్కువ నొచ్చింది.

"నేను రాసియ్యకపోతే?"

"ట్రిబ్యునల్ మీటింగ్ పెట్టమంటది. నోటీసులు, బయటి చైర్మన్, ఓటింగ్... రెండు నెలలు పరేషాన్. అయినా ముప్పాతిక ఓట్లుంటే చాలు, మాకు ఎనభై శాతం ఉన్నయ్, పాసైతది."

ఓడిపోతానని నాకూ తెలుసు. ఆ షేర్ల పట్టిక తయారు చేసింది నేనే. అయినా నోటీసు నా పేరున వస్తుంది, కుర్చీ వేస్తారు, నేను మాట్లాడితే రాసుకోక తప్పదు.

కాగితాలు మడిచి ఆయన చేతిలో పెట్టాను. "మీటింగ్ పెట్టనీ. వస్తా."

"వచ్చి ఏం జేస్తవ్?"

"ఉద్యోగం అడుగుత" అన్నాను. "పదిహేడేండ్ల అనుభవం ఉంది."