పెరట్లో ఆరని తడి
సెప్టిక్ ట్యాంకు నీళ్ళు ఇంకే పెరట్లో ఒకచోట నేల ఎప్పుడూ చిత్తడే. "అడ్డూ అదుపూ లేకుండా నీళ్ళు గుమ్మరిస్తావు, నువ్వొచ్చాకే ఈ దరిద్రం" అంటూ అత్త ల్యెర్కా కోడలు స్నెజానాని ఇంట్లో మరుగుదొడ్డి వాడనివ్వలేదు. రెండు చలికాలాలు ఆమె మంచు తొక్కుకుంటూ పెరటి చివరి చెక్క మరుగుదొడ్డికే వెళ్ళింది.

ఆ తడి ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చడానికి మేస్త్రీ జ్వొన్కో వచ్చి ఇంట్లో మరుగుదొడ్డిలో ఆకుపచ్చ రంగు పోశాడు. మూడు రోజులైనా చిత్తడి రంగు మారలేదు. చూరు నీళ్ళ గొట్టంలో ఎర్రరంగు నీళ్ళు పోస్తే గంటలో నేల ఎర్రబడింది.

"వాననీళ్ళు ఇటు తిప్పిందెవరమ్మా?"

"నేనే, మురుగు కొట్టుకుపోతుందని," అంది ల్యెర్కా, అతనికి ప్లమ్ సారా పోస్తూ.

స్నెజానా గుండె తేలికపడింది. "అయితే ఇక లోపలే వెళ్తానత్తయ్యా."

"ఎందుకే? అలవాటైపోయిందిగా!"

జ్వొన్కో పకపకా నవ్వి గ్లాసు చాచాడు.