పోశన్న పేరు మీద కథ

నా పెళ్లానికి ఊరందరి కథలూ కావాలి, నా గోడు ఒక్కటే అక్కర్లేదు. ఈ మాటన్నందుకు నన్ను తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి.

గల్ఫ్‌కొచ్చి, ఈ బుదైయాలో మేమిద్దరం ఒకే ఇంట్లో పనిచేస్తాం. నేను డ్రైవర్ని, సాయికుమారి వంటమనిషి. టీచర్ ట్రైనింగ్ చదివింది, ఊళ్లో ఉద్యోగం రాక నా వెనకాలే వచ్చి గరిటె పట్టుకుంది. అక్కడితో ఆగితే బాగుండేది. శుక్రవారం సెలవు పూట జింజ్‌లో తన స్నేహితురాలు లక్ష్మిప్రసన్న ఫ్లాట్‌కి వెళ్లి మనవాళ్లకి రాయడం, చదవడం నేర్పుతుంది. వాళ్లు రాసినవన్నీ దిద్ది, అందరి ఫోన్లకీ పంపే పత్రిక ఒకటి నడుపుతుంది. అది పోగా మిగిలిన టైములో తన కథ తను రాసుకోవాలంటుంది. మిగిలేదేంటి, నా బొంద! బాబా పిల్లల్ని వారం వారం జల్లాఖ్ బీచ్‌కి తీసుకెళ్తాను. నా పెళ్లాన్ని ఒక్కసారి తీసుకెళ్లడానికి మాత్రం కుదిరి చావలేదు.

బాబా అంటే మా కఫీల్, వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని. ఇంట్లో పనివాళ్లం అలాగే పిలుస్తాం. మంచివాడే. సాయికుమారి వీసాకి ఇంకా గడువుంది గానీ నాది అయిపోవచ్చింది. "ఉంటావా, వెళ్తావా? శుక్రవారం సాయంత్రానికి చెప్పు" అన్నాడు.

నా నడుం పోయింది. ఊరెళ్లిపోయి ఆటో తోలుకున్నా బతకొచ్చు. కానీ ఆమె ఒక్కసారి "ఉండు బావా" అంటే చాలు, ఆ నడుం విరిగినా ఇక్కడే పడుంటాను. అది అడుగుదామని వంటింట్లోకి వెళ్తే, ఒక చేత్తో ఉల్లిపాయలు వేయిస్తూ ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని ఎవడి కథో చదువుతూ ఉండేది. "కుమారీ" అంటే "ఆఁ" అనేది. గోడకి చెప్పినా ఆ "ఆఁ"యే వస్తుంది. మళ్లీ అడిగితే "ఈ పేజీ అవనీ బావా" అనేది.

మనిషి ఎదురుగా నిలబడితే చూడదు గానీ, పత్రికకి వచ్చింది మాత్రం ఆఖరి ముక్క దాకా చదువుతుంది. సరే, నేనే ఓ కథ రాశాను.

దొరికిపోతానని మొగుణ్ణి తాపీమేస్త్రీని చేశాను, పెళ్లానికి కుట్టు మిషను పిచ్చి పెట్టాను. ఊరందరి బట్టలూ కుడుతుంది, మొగుడి చొక్కా చిరిగితే చూడదు. పెళ్లయిన కొత్తలో చేసి పెట్టిన పనసపొట్టు కూర తలుచుకుని వాడు ఏడుస్తాడు. చివరికి "నన్ను ఉండమంటావా, పొమ్మంటావా?" అని అడుగుతాడు. అక్కడితో ఆపేశాను. ఆమె క్లాసులో పద్ధతి ఒకటుంది. ఎవరైనా ముగింపు తోచక కథ వదిలేస్తే, టీచరే రాసి అందరిముందూ చదువుతుంది.

కథ పంపమని పోశన్నని బతిమాలాను. అతను నిజామాబాద్ వైపు మనిషి, కట్టడం పని చేస్తాడు, ఆమె దగ్గరే రాయడం నేర్చుకుంటున్నాడు.

"నేను రాసిన్నంటే మేడం నమ్ముతదా అన్నా? నాకింక ఒత్తులే సక్కగ వస్తలెవ్వు" అన్నాడు.

"నమ్మకపోతే నా ఖర్మ. నువ్వు పంపు."

శుక్రవారం రానే వచ్చింది. ఆమెని దింపి ఎప్పుడూ కారులోనే కూర్చునేవాణ్ణి, ఆ రోజు పైకి వెళ్లి వెనకాల చాప మీద కూర్చున్నాను.  అందరివీ అయ్యాక సాయికుమారి ఫోన్ తీసింది.

"పోశన్నా, కథ బాగుంది. ముగింపు నేను రాశాను, వినండి" అని చదివింది. "ఆమె మిషను ఆపింది. మొగుడి మొహం చూసింది. ఉండమంటే ఉంటాడని ఆమెకి తెలుసు. ఉంటే రోజూ ఆ మొహం చూసి, ఇవాళ కూడా ఈయనకి ఇవ్వడానికి నా దగ్గర టైము మిగల్లేదే అని సిగ్గుతో చావాలి. వెళ్లిపో అంది."

చప్పట్లు కొట్టారు. నా చెవుల్లో సీసం పోసినట్టయింది. పోశన్న ఒక్కడే కొట్టలేదు.

"గట్లెట్ల అంటది మేడం? పాపం గాయన!"

"అంటుంది పోశన్నా" అని ఫోన్ పక్కన పెట్టేసింది.

 తిరిగొస్తుంటే, కారు బుదైయా రోడ్డెక్కాక అంది, "నిజామాబాద్ మనిషికి పనసపొట్టు కూర మీద అంత బెంగేంటి బావా?"

 కారు పక్కకి తీసి ఆపేశాను.

"తెలిసే రాశావా?"

"తెలిసే రాశాను. ఆపుదామనుకున్నాను, చెయ్యి ఆగలేదు. ఇన్నేళ్లలో నాదంటూ నేను రాసింది ఆ నాలుగు ముక్కలే."

"కథ సంగతి తగలెయ్! ఇక్కడ చెప్పవే, నన్నుండమంటావా?"

ఆమె ఏడుపు లంకించుకుంది. "నా వల్ల కావట్లేదు బావా. వంట మానలేను. క్లాసూ పత్రికా మానితే నేనొట్టి వంటమనిషిని. అందరికీ పంచగా మిగిలింది నీకు పెడుతున్నాను. అసలు మిగలట్లేదు. నీ మొహం చూడాలంటే భయమేస్తోంది."

"మిగిలిందే పెట్టు. నేనేమైనా విందు అడిగానా?"

 ఇల్లు చేరాం. గేటు దగ్గరే బాబా నిలబడి ఉన్నాడు. "యల్లా, చెప్పు వీరబాబూ, ఏమంటావ్?" అన్నాడు. నేను ఆమె వైపు చూశాను. ఆమె తల వంచుకుంది.

"ఖలాస్ బాబా, ఇంక అయిపోయింది. వెళ్లిపోతాను."

వంటింట్లోకి ఆమె వెనకే వెళ్లాను. స్టవ్ ముందు ఊరికే నిలబడి ఉంది.

"ఆ ముగింపు నాకు నచ్చలేదు బావా" అంది.

"అయితే కొట్టెయ్! అందరి రాతలూ కొట్టేసి దిద్దుతావుగా, నాదొక్కటి కొట్టెయ్యలేవా?" అని అరిచాను. బాబా విన్నా సరే అనిపించింది.

ఆమె రెండు చేతులతో నా చొక్కా పట్టుకుంది. గుండీలు తెగిపోతాయేమో అన్నంత గట్టిగా పట్టుకుని, నా గుండె మీద తల పెట్టి ఏడ్చింది. ఉండు అని మాత్రం అనలేదు.