అక్క వంటగట్టు

కాంక్రీటు పోసిన చెక్క అచ్చుకు బిగించిన చివరి స్క్రూ ఊడి రావడం లేదు. అతను స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, పక్కగదిలోంచి అక్క దగ్గు వినబడేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. వినబడింది. మళ్ళీ పనిలో పడ్డాడు.

పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపే అతన్ని అందరూ లిఫ్టాయన అంటారు. ఇన్నేళ్ళుగా ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ చూసింది అతని వీపునే. లిఫ్టు కదిలిన ప్రతిసారీ తాడు తెగుతుందేమోనని అతని గుండె జారుతుందని అక్కకు తప్ప ఎవరికీ తెలియదు. అమ్మానాన్నా పోయాక బట్టలు కుట్టి అతన్ని పెంచింది ఆమే. ఉరుముకో, వీధికుక్కకో జడిసి పరుగెత్తుకొస్తే చెంగు కింద దాచుకునేది. ఎవరైనా తన పెళ్ళిమాట ఎత్తితే, "నా కోడిపిల్ల ఒకడున్నాడుగా" అని నవ్వేసేది.

ఇప్పుడామె గుండె నీరసించింది. కాసేపు నిలబడితే ఆయాసం. కూర్చుని వండుకోడానికి ఎత్తు తక్కువ గట్టు కావాలంది. అంత పొట్టిది ఎక్కడా దొరకలేదు. అతనే ఫోనులో వీడియోలు చూసి, చెక్కతో అచ్చు బిగించి, ఇనుప వల పరచి కాంక్రీటు పోశాడు. బీటలు వారుతుందేమోనన్న బెంగతో రోజూ దానిమీద కప్పిన గోనెలు తడిపాడు.

అచ్చు ఊడాక, గట్టిపడ్డ పలకను తిరగేయడానికి ఎదురింటి ఎలక్ట్రీషియను సాయం వచ్చాడు.

"ఏం లిఫ్టాయనా, దీనికి మీటలెక్కడున్నాయ్?"

"నవ్వించకు బాబూ, చేతులు వణుకుతున్నాయి."

"వణికితే వణికాయిగానీ వదలకు. పగిలిందంటే మళ్ళీ అతకదు."

పలకను అంచు మీద నిలబెట్టారు. ఎక్కడో టక్కుమంది. విరిగింది అడుగునున్న చెక్క. పలక మెల్లగా వాలి ఇటుక దిమ్మల మీద కూర్చుంది. "హమ్మయ్య" అన్నది ఎలక్ట్రీషియనే. లిఫ్టాయన పలక అంచు ఇంకా వదల్లేదు.

నునుపు చేయడం మిగిలింది. దుమ్ము లేస్తే అక్కకు ఊపిరాడదని, పలక మీద నీళ్ళు పోస్తూ సానపట్టే గ్రైండరు తిప్పాడు. నీళ్ళూ కరెంటూ ఒకచోట! షాకు కొట్టకుండా ఎలక్ట్రీషియను ఏదో స్విచ్చి బిగించి వెళ్ళాడు. అయినా కాళ్ళకు రబ్బరు చెప్పులున్నాయో లేవోనని మాటిమాటికీ చూసుకున్నాడు. గ్రైండరు హోరులో దగ్గు వినబడదు. అందుకే నాలుగు తిప్పులు తిప్పి ఆపేవాడు. చెవి రిక్కించేవాడు. మళ్ళీ తిప్పేవాడు.

"ఒరేయ్, ఊరికే ఎందుకురా ఆపుతావ్?" లోపలినుంచి అడిగింది అక్క.

"నువ్వు పిలిస్తే వినపడదేమోనని."

"పిలవడానికేముంది? ఆ గోల వింటుంటే నువ్వింట్లోనే ఉన్నావని ధైర్యంగా ఉంటుంది. ఆపకు."

ఇక ఆపలేదు. గ్రైండరు బిళ్ళ మార్చి మార్చి రుద్దుతుంటే బూడిదరంగు బురద కిందికి జారి, లోపలి గులకరాళ్ళు నల్లగా, తెల్లగా మెరుస్తూ బయటపడ్డాయి. అరచెయ్యి పెట్టి చూశాడు. చల్లగా, జర్రున జారింది. అంత నునుపు తన చేతుల్లోంచి వచ్చిందంటే నమ్మబుద్ధి కాలేదు. కాసేపు భయమన్నదే మరిచిపోయాడు.

గ్రైండరు కట్టేసి పిలిచాడు. "అక్కా, వచ్చి చెయ్యి పెట్టి చూడు."

దగ్గు వినబడలేదు. కునుకు పట్టిందేమో అనుకున్నాడు. కుళాయి కింద చేతులు కడుక్కున్నాడు. గోళ్ళలో సిమెంటు ఉందని మళ్ళీ కడిగాడు. మోచేతులదాకా కడిగాడు. కడగడానికి ఇంకేమీ లేకపోయాక తలుపు తోశాడు.

అక్క మంచం మీద గోడకానుకుని కూర్చునే ఉంది. తల ఒక పక్కకు వాలింది. ముక్కు దగ్గర పెట్టిన అతని వేలికి ఏమీ తగల్లేదు.

"అక్కా, భయమేస్తోందే" అన్నాడు మెల్లగా.

ఆమె ఒళ్ళో పళ్ళెం ఉంది. ఈనెలు తీసిన చిక్కుడుకాయలు ఒక వైపు, తీయనివి ఇంకో వైపు. మధ్యలో ఒక్క కాయకు ఈనె సగందాకా ఊడి, ఇంకా అంటుకునే ఉంది.